మూడు లైన్ల పర్లేదు

ఆవిడ అసలు పేరు జీతాల కంప్యూటరుకి తప్ప ఆఫీసులో ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆవిడ పర్లేదక్క. కాలు తొక్కితే పర్లేదు. చీర మీద టీ ఒలకబోస్తే పర్లేదు. ఒకసారి ఆఫీసు మెట్ల మీంచి జారి వెల్లకిలా పడి, పరిగెత్తుకొచ్చిన వాళ్ళని కింద నుంచే చూస్తూ "పర్లేదు, మీరు వెళ్ళి పని చూసుకోండి" అంది. లేపడానికి మాత్రం ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది.

మంచి మనిషే, కాదంటే కళ్ళు పోతాయి. కానీ ఇలాంటి మంచివాళ్ళతో ఒక ఇంట్లో ఉండి చూడండి, అప్పుడు తెలుస్తుంది. వాళ్ళాయన స్కూలు వ్యాను నడుపుతాడు. సాయంత్రం ఇంటికొస్తే ట్రాఫిక్కు దగ్గర్నుంచి పిల్లల కొట్లాటల దాకా పూస గుచ్చినట్టు చెప్పందే ఆయనకి నిద్ర పట్టదు. అత్తగారి సంగతి సరేసరి, మనసులో మాట నోటిదాకా రావడానికి పట్టే టైము కూడా ఆవిడకి దండగే. వాళ్ళిద్దరి మధ్యా ఈవిడ. పొద్దున్నే అత్తగారు "ఏమే, మొహం అలా పీక్కుపోయిందేం?" అంటుంది. "పర్లేదత్తయ్యా" అంటుంది ఈవిడ. అత్తగారికి ఒళ్ళు మండిపోతుంది.

"మా కోడల్ని అడగడం కంటే ఆ గోడని అడగడం నయం. గోడైతే పెచ్చులూడైనా చెప్తుంది" అనేది ఎదురింటావిడతో, కోడలికి వినబడేలాగే.

ఇంతకీ ఆ మొహం పీక్కుపోవడానికి కారణం పన్ను. కింద దవడ, కుడివైపు, చివరి నుంచి రెండోది. చల్లనీళ్ళు తాగితే ప్రాణం పోయేది, వేడి టీ తాగితే పోయిన ప్రాణం తిరిగొచ్చి మళ్ళీ పోయేది. మనిషి ఎడమవైపు నమలడం నేర్చుకుంది, ఎడమవైపే నవ్వడం నేర్చుకుంది, అంతే తప్ప ఒక్కరికీ చెప్పలేదు. పంటి బిగువున ఓర్చుకోవడం అంటారే, పాపం ఆవిడకి ఆ బిగించడానికి కూడా వీల్లేదు.

ఇక ఆఫీసు. సైకిళ్ళ షాపు మీద రెండు గదులు. కింద పొద్దస్తమానం ట్యూబుల్లో గాలి కొడుతూ ఉంటారు, పైన వీళ్ళు కోడిగుడ్లు పొదిగే యంత్రాలకి ప్రోగ్రాములు రాస్తూ ఉంటారు. యంత్రమంటే అలమారంత పెట్టె. లోపల వరసగా ట్రేలు, ట్రేల నిండా గుడ్లు, వెచ్చదనం, ఫ్యాను. తల్లికోడి గుడ్లని కాలితో దొర్లించినట్టు ఆ ట్రేలు గంటకోసారి ఇటు వంగుతాయి, అటు వంగుతాయి. అలా మూడు వారాలకి కాస్త ముందు దాకా వంగాలి. ఆ తర్వాత ఆపెయ్యాలి, గుడ్లని తీసి చదునైన బుట్టల్లోకి మార్చాలి. మార్చకపోతే పెంకు పగలగొట్టుకుని బయటికొచ్చిన పిల్ల వంగుతున్న ట్రే మీంచి జారి ఫ్యాను దగ్గర పడుతుంది. అందుకని ఏ రోజుకి ఏం చెయ్యాలో లెక్క చూసి, సరిగ్గా మార్చే రోజున గంట కొట్టడం వీళ్ళ ప్రోగ్రాము పని.

ఆ ప్రోగ్రాము మామూలుది కాదు. దాన్ని కట్టిన పెద్దమనిషిని అందరూ డబ్బా సార్ అంటారు. లోకంలో ఉన్న మిగతా ప్రోగ్రాములు ఏదైనా తేడా వస్తే పెద్దగా అరిచి, ఎక్కడున్నవక్కడ కూలబడిపోతాయి. డబ్బా సార్‌కి అరుపులంటే గిట్టదు. ఆయన పద్ధతిలో ప్రోగ్రామంతా చిన్న చిన్న ఫంక్షన్లు, అంటే ఒక్కో పని చేసే ముక్కలు. ఒక్కోటీ ఒక చేత్తో తీసుకుంటుంది, ఇంకో చేత్తో ఇస్తుంది, మధ్యలో వేరే దేన్నీ ముట్టుకోదు. ఇచ్చేటప్పుడు ఒట్టిగా ఇవ్వదు, రెండు అరలున్న డబ్బాలో పెట్టి ఇస్తుంది. పని జరిగితే కుడి అరలో జవాబు ఉంటుంది. జరక్కపోతే ఎడమ అరలో ఎందుకు జరగలేదో ఉంటుంది. అందుకున్న ఫంక్షను ఆ డబ్బాని పక్కదానికి, అది ఇంకో పక్కదానికి అందిస్తూ పోతే, ఎడమ అరలోని కబురు చెక్కుచెదరకుండా చివరికి మనిషి కంటిముందున్న తెర దాకా రావాలి. "తప్పు జరగడం తప్పు కాదు, దాన్ని మధ్యలో ఎవడో మింగెయ్యడం తప్పు" అని ఆయన రోజుకోసారైనా అంటాడు. అనకపోతే ఒంట్లో బాగోలేదేమోనని అందరూ కంగారుపడతారు.

తెర మీద కనిపించేదంతా రాసేది పర్లేదక్క. అంటే లోపల్నుంచి డబ్బాలన్నీ వచ్చి చేరేది ఆవిడ ఒళ్ళోకే. ఆవిడ ఏ డబ్బాలోంచి కుడి అర ఒక్కటీ తీసుకోబోయినా, రాసింది సరిచూసే కంపైలరు ఉందే, అది అడ్డంపడుతుంది. ఎడమ అర సంగతేంటి అంటుంది. తేదీ చదివితే ఎడమ అర సంగతేంటి. వేడి చూస్తే ఎడమ అర సంగతేంటి. ఇంట్లో అత్తగారు, ఆఫీసులో ఇది. పైగా ఆ ఎడమ అర కబుర్లు ఎర్రటి అక్షరాల్లో తెర మీద వేస్తే చూసేవాళ్ళు హడిలిపోరూ? ఈ యంత్రంతో గుడ్లు పొదిగించే హేచరీ పెద్దమ్మయితే ఎర్ర రంగు కనిపిస్తే చాలు, చేస్తున్న పని వదిలేసి ఫోన్ చేస్తుంది. పాపం పెద్దావిడని అంత కంగారు పెట్టడం దేనికి?

అందుకని ఒక మధ్యాహ్నం పన్ను సలుపుతుండగా పర్లేదక్క ఒక చిన్న ఫంక్షను రాసింది. మూడే లైన్లు. డబ్బా ఇస్తే విప్పి చూస్తుంది. కుడి అరలో జవాబుంటే ఇస్తుంది. లేకపోతే ఎడమ అరలో ఉన్నదాన్ని చడీచప్పుడు లేకుండా చెత్తబుట్టలో వేసి, దాని బదులు ఏదో ఒక మంచి జవాబు, అందరికీ నచ్చేది ఇచ్చేస్తుంది. వేడి ఎంతో తెలియకపోతే ఉండాల్సినంతే ఉందనుకో. తేదీ తెలియకపోతే ఇవాళే అనుకో. దానికి ఏం పేరు పెట్టాలా అని ఎంతోసేపు ఆలోచించక్కర్లేకపోయింది. "పర్లేదు" అని పెట్టింది.

కంపైలరు నోరు మూసుకుంది. డబ్బా సార్ కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసి, ఇచ్చిపుచ్చుకునే లెక్కలన్నీ సరిపోయాయి కాబట్టి "ముచ్చటగా ఉందమ్మా, మూడే లైన్లు" అన్నాడు. ఏం చేస్తోందో మాత్రం చూడలేదు. అది చూసి మిగతావాళ్ళూ అక్కడా ఇక్కడా వాడేసుకున్నారు. తెర మీద ఎరుపన్నది మాయమైపోయింది. ఆకుపచ్చ రంగులో ఒక నవ్వు మొహం, దాని కింద "అంతా బాగుంది" అన్న మాట. పెద్దమ్మ ఫోన్లు ఆగిపోయాయి. ప్రోగ్రాము బంగారమైపోయిందని అందరూ మురిసిపోయారు.

ఇక్కడ పెద్దమ్మ గురించి చెప్పాలి. ఊరి చివర హేచరీ నడుపుతుంది. మొగుడు పోయినా, మోకాళ్ళు పోయినా యంత్రం పక్క కుర్చీ వదల్లేదు. చెల్లెలు పక్క ఊళ్ళోనే ఉంటుంది, అయినా ఏళ్ళ తరబడి వెళ్ళింది లేదు, గుడ్లని ఎవరు చూస్తారని. తెర ఇలా పచ్చబడ్డాక ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఇక గంట అదే కొడుతుంది కదా. ట్రేలు నింపుకుని, తెర మీద గుడ్లు పెట్టిన తేదీ తనే స్వయంగా కొట్టింది. పరీక్ష కోసమని ఆ గుడ్లలోంచే ఒక బుట్టెడు తెచ్చి ఆఫీసులో ఉన్న చిన్న పెట్టెలో పెట్టి, దాని తెర మీదా తనే కొట్టింది. తర్వాత బ్యాగు సర్దుకుని హేచరీ తాళంచెవి తెచ్చి పర్లేదక్క చేతిలో పెట్టింది.

"మా చెల్లెలి దగ్గర గంట మోగేదాకా కూర్చుని మాట్లాడాలనుందమ్మా. మోగినట్టు నా ఫోనుకి కబురు రాగానే పనివాళ్ళని పిలిపించి నేనూ వచ్చేస్తా. నువ్వు పర్లేదంటే నాకు కొండంత ధైర్యం."

"వెళ్ళిరండి పెద్దమ్మా, పర్లేదు" అంది పర్లేదక్క.

ఆఫీసులో ఇంకో మనిషున్నాడు. రాసిన ప్రోగ్రాములకి పరీక్షలు పెట్టే ఆయన. అందరూ అనుమానం బాబాయి అంటారు. కుర్చీలో కూర్చునే ముందు కుర్చీని ఊపి చూసే రకం. ఆయనొకరోజు చిన్న పెట్టె ముందు నిలబడి తల గోక్కున్నాడు.

"అక్కా, ఈ తెర మొన్నా మొదటి రోజే అంది, ఇవాళా మొదటి రోజే అంటోంది."

"గుడ్లు మార్చుంటార్లే బాబాయ్, పర్లేదు."

ఆ మాటతో బాబాయి తన అనుమానం మీదే అనుమానపడి వెళ్ళిపోయాడు. అందరూ ఆ పెట్టె ముందు నుంచే టీకి వెళ్ళేవాళ్ళు, వచ్చేవాళ్ళు. ఆకుపచ్చ నవ్వు చూసేవాళ్ళు, తిరిగి నవ్వేవాళ్ళు కూడా. దాని పక్కన రాసున్నది మాత్రం ఎవరూ చదవలేదు.

మూడు వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం భోజనాలయ్యి, అందరూ కునికిపాట్లు పడుతుంటే ఎక్కడో కీచుమంది. కింద షాపులో ఏదో చక్రం అనుకున్నారు. మళ్ళీ కీచుమంది. అనుమానం బాబాయి లేచి, బల్లల కింద వెతికి, చివరికి చిన్న పెట్టె అద్దానికి ముక్కు ఆనించాడు. ఒక గుడ్డుకి చిల్లు పడింది. చిల్లులోంచి ముక్కు బయటికొచ్చింది. అందరూ చుట్టూ మూగి చూస్తుండగానే ఆ పిల్ల పెంకుని రెండు చెక్కలు చేసి, తడిసిన నూగుతో లేచి నిలబడి, వెంటనే పడిపోయింది. తెర మాత్రం చల్లగా చెప్తోంది: మొదటి రోజు. అంతా బాగుంది.

డబ్బా సార్ కళ్ళు తేలేశాడు. "మొదటి రోజున పిల్లెలా వస్తుంది?"

పర్లేదక్కకి జవాబు తెలుసు. లోపలి చిట్టా తెరిచి చూసింది. పెద్దమ్మ తేదీ ఉండాల్సిన చోట తేదీ కొట్టలేదు. "మొన్న" అని కొట్టింది. తేదీ చదివే ఫంక్షను పాపం నిజాయితీగా ఎడమ అరలో పెట్టి పంపింది, "మొన్న అన్నది తేదీ కాదు" అని. తెర ముందుకి రాగానే మూడు లైన్ల ఫంక్షను దాన్ని చెత్తబుట్టలో వేసి ఇవాళ్టి తేదీ ఇచ్చేసింది. రోజూ వేసింది. రోజూ ఇచ్చింది. గుడ్లకి రోజూ మొదటి రోజే.

"అరిచి కూలబడి ఉంటే ఆ రోజే తెలిసేది" అన్నాడు అనుమానం బాబాయి. డబ్బా సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఇక్కడ పెట్టెలో ఉన్నది బుట్టెడు గుడ్లు. అక్కడ పెద్దమ్మ యంత్రం నిండా గుడ్లు. అవీ ఈ పూటే పగులుతుంటాయి. ట్రేలు ఇంకా వంగుతూనే ఉంటాయి. తాళంచెవి పర్లేదక్క హ్యాండుబ్యాగులో ఉంది. చెయ్యి పెడితే ముందు నొప్పి మాత్రల అట్ట తగిలింది, తర్వాత తాళంచెవి తగిలింది.

వాళ్ళాయనకి ఫోన్ చేసింది. స్కూలు వదలడానికి ఇంకా టైముంది, వ్యాను ఖాళీ. సైకిళ్ళ షాపు ముందు బ్రేకు వేసి "ఏమైంది?" అన్నాడు. "పద చెప్తా" అంది. ఆ వ్యాను సీట్లు చిన్నపిల్లలవి. డబ్బా సార్ చెట్టంత మనిషి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. అనుమానం బాబాయి ఒళ్ళో అట్టపెట్టె, అందులో దూదిలో ఆ పుట్టిన పిల్లా, చేత్తో తెరుచుకునే ఆ చిన్న పెట్టెలోంచి తీసిన మిగతా గుడ్లూ. వాటిని ఒంటరిగా వదిలి రావడానికి ఆయన మనసొప్పుకోలేదు. వ్యాను గతుకులో పడ్డప్పుడల్లా డబ్బా సార్ తల పైకప్పుకి కొట్టుకునేది, పిల్ల కీచుమనేది, పర్లేదక్క పన్ను జివ్వుమనేది.

దారిలో పెద్దమ్మకి ఫోన్ చేసింది. చెప్పెయ్యాలని గట్టిగా అనుకునే చేసింది.

"ఏమ్మా, అంతా బాగుందా?" అంది పెద్దమ్మ. వెనక చెల్లెలు నవ్వుతున్న చప్పుడు.

"పర్లేదు పెద్దమ్మా" అంది పర్లేదక్క నోరు. అని, ఫోన్ పెట్టేసింది.

వాళ్ళాయన అద్దంలోంచి చూశాడు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. "దానంతటదే వచ్చేసింది" అంది మెల్లిగా. నిజమే, పాపం, అలవాటు.

హేచరీ షట్టరు ఎత్తగానే వినిపించింది. కీచుకీచుమని ఒకటి కాదు, పది కాదు. అద్దంలోంచి చూస్తే అంచుల్లో గుడ్లు చిట్లుతున్నాయి, రెండు పిల్లలు ట్రే మీద తూలుతున్నాయి, వాటి కింద ట్రే తాపీగా వంగడం మొదలుపెట్టింది. పర్లేదక్క పరిగెత్తి తెర మీద "ఆపు" నొక్కింది.

"అలాగే. అంతా బాగుంది" అంది తెర. ట్రే ఆగలేదు.

మళ్ళీ నొక్కింది. "అలాగే. అంతా బాగుంది." తలుపు తెరువు అని నొక్కింది. "అలాగే." తలుపు ఇసుమంత కదల్లేదు.

డబ్బా సార్ నుదురు కొట్టుకున్నాడు. మొదటి రోజుల్లో ఎవరైనా తెలియక ఆపితే గుడ్లు పాడవుతాయని, ఆపడం, తెరవడం కుదరకుండా ఆయనే గట్టి కాపలా పెట్టాడు. లోపలి ఫంక్షను కుదరదనే చెప్తోంది, ఎందుకు కుదరదో కూడా ఎడమ అరలో రాసి పంపుతోంది. ఈ మూడు లైన్లు దాన్ని మింగేసి, పైకి అలాగే అంటున్నాయి. ఆయన మెయిన్ స్విచ్చు తీశాడు. ఎప్పటికీ ఆగకూడదని ఆయనే బిగించిన బ్యాటరీ రెప్పపాటు కూడా ఆగకుండా అందుకుంది. వాళ్ళాయన బయటికెళ్ళి రాయి తెచ్చాడు. అద్దం పెంకులు పిల్లల మీద పడతాయని అనుమానం బాబాయి ఆ చెయ్యి పట్టుకుని వేలాడాడు.

పర్లేదక్క తెర ముందు నిలబడిపోయింది. ఇది ఎవరి మాటలా ఉందో ఆవిడకి అప్పుడు తెలిసొచ్చింది. ఏమడిగినా సరేనంటుంది, నవ్వుతుంది, లోపలేం జరుగుతోందో ఒక్క ముక్క చెప్పదు. దీన్ని పట్టుకుని ఎవరైనా ఏం చెయ్యగలరు? ఈ తెరతో రెండు నిమిషాలకే ఆవిడకి ఏడుపొచ్చింది. తనతో వాళ్ళాయన, అత్తగారు ఏళ్ళుగా ఎలా వేగుతున్నారో ఏమో.

ఖాళీ గుడ్ల అట్టలు పేర్చి వాటి మీద ల్యాప్‌టాప్ పెట్టింది. మూడు లైన్లనీ తుడిపేసింది. వెంటనే కంపైలరు నిద్రలేచింది, ఇక్కడ ఎడమ అర సంగతేంటి, అక్కడ ఎడమ అర సంగతేంటి అని చాంతాడంత జాబితా పరిచింది. అవన్నీ ఒక్కొక్కటే సరిచేసేంత టైము లేదు. పళ్ళు నూరబోయి, పన్ను గుర్తొచ్చి మానేసి, అదే పేరుతో కొత్త ఫంక్షను రాసింది. ఇది ఎడమ అరలో ఉన్నదాన్ని పారెయ్యదు, ఉన్నదున్నట్టు తెర మీద పెట్టేస్తుంది. కేబులు తగిలించి యంత్రంలోకి ఎక్కించింది. ఈలోపు వాళ్ళాయన గోడ వారగా ఉన్న పాత పెట్టెని, చదును బుట్టలుండేదాన్ని, స్విచ్చు వేసి వేడి చేస్తున్నాడు. దానికి ప్రోగ్రామూ లేదు, తెరా లేదు, వెయ్యగానే వెలిగింది.

తెర ఒక్క క్షణం నల్లబడింది. తర్వాత మాట్లాడింది చూడండీ, ఇన్నాళ్ళూ మింగినదంతా ఒక్కసారి కక్కింది. ఎర్రటి అక్షరాలు జలపాతంలా దిగాయి. మొన్న అన్నది తేదీ కాదు. రెండో ఫ్యాను సగం వేగంతో తిరుగుతోంది. నీళ్ళ గిన్నె ఎండిపోయింది. ఫోను నంబరులో ఒక అంకె తక్కువ, గంట మోగినా కబురు వెళ్ళదు. ఆపడం కుదరదు, ఇది మొదటి రోజు. తలుపు తెరవడం కుదరదు, ఇది మొదటి రోజు. అనుమానం బాబాయి ఆ ఎరుపుని చూసి ఆనందం పట్టలేకపోయాడు. ఆయన అనుమానాలన్నీ నిజమై వరసగా నిలబడ్డాయి, జీవితంలో అలాంటి రోజు రాలేదు. ముందు నవ్వింది ఆయనే. తర్వాత డబ్బా సార్ నవ్వాడు. పర్లేదక్క కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది, రెండు వైపులా నవ్వింది, నొప్పెట్టింది, అయినా నవ్వింది.

"తేదీ సరిచేస్తే మిగతావన్నీ దారికొస్తాయి" అన్నాడు డబ్బా సార్. "ఆవిడ తేదీ కొట్టిన రోజుకి రెండు రోజుల ముందు వేసుకుంటే సరి. మొన్న అందిగా."

"ఆవిడ మొన్నంటే మొన్నే అని నమ్మకమేంటి సార్?" అన్నాడు అనుమానం బాబాయి. "ఆవిడ పెళ్ళి కూడా మొన్నే అయిందంటుంది. రోజు తప్పు వేస్తే ఇంకా పగలని గుడ్లకి వేడి తప్పుతుంది."

ఈసారి ఆయన మాట అందరూ విన్నారు. ఆ రోజేదో తెలిసింది పెద్దమ్మ ఒక్కదానికే. అడగాలంటే జరిగింది చెప్పాలి. పర్లేదక్క ఫోన్ తీసింది. నంబరు నొక్కింది. పెద్దమ్మ ఎత్తింది.

"పెద్దమ్మా, ఇందాక అబద్ధం చెప్పాను. భయమేసి చెప్పాను. అస్సలు బాగోలేదు. మీ గుడ్లు ట్రేల్లోనే పగులుతున్నాయి. తప్పు నాది. తెర మీకు మంచి మాటలే చెప్పేలా రాసింది నేనే. ఇప్పుడు తలుపు తెరవాలంటే మీరు గుడ్లు ఏ రోజు పెట్టారో చెప్పాలి."

తిడుతుందనుకుని పర్లేదక్క కళ్ళు మూసుకుంది.

"ఎన్ని పోయాయి?" అంది పెద్దమ్మ.

"తెలీదు. తెరిస్తే గానీ తెలీదు."

"తేదీలు నాకెక్కడ గుర్తుంటాయమ్మా, ఉంటే మొన్న అని కొడతానా? నా మనవడికి బడి తెరిచిన రోజు. వాణ్ణి వ్యానెక్కించి వచ్చి గుడ్లు పెట్టాను, అది గుర్తుంది."

పర్లేదక్క వాళ్ళాయన వైపు తిరిగింది. బడి ఏ రోజు తెరిచారో వ్యాను డ్రైవరుకి కాక ఇంకెవరికి తెలుస్తుంది. ఆ రోజు ఎంతమంది పిల్లలు ఏడ్చారో, ఎవరు వాంతి చేసుకున్నారో కూడా చెప్పబోయాడు. తేదీ చాలు అంది. చెప్పాడు. కొట్టింది.

తెర మీద మొదటి రోజు చెరిగిపోయి మూడో వారం చివరికొచ్చి పడింది. గంట మోగింది. హేచరీ అదిరిపోయేలా, ఇన్ని రోజుల మోగుడూ కలిపి మోగింది. వంగుతున్న ట్రే సగంలో ఆగి, నెమ్మదిగా చదునైంది. తలుపు టక్కుమంది.

ఆ తర్వాత అందరూ కలిసి గుడ్లు మార్చారు. డబ్బా సార్ అంతటి మనిషి గుడ్డుని రెండు చేతులా పట్టుకుని నడిచాడు. అనుమానం బాబాయి ప్రతి గుడ్డునీ చెవి దగ్గర పెట్టుకుని విని మరీ ఇచ్చాడు. వాళ్ళాయన అడుగున పడ్డ పిల్లల్ని ఏరి చొక్కాలో వేసుకున్నాడు. కొన్ని పోయాయి, దాచడమెందుకు. అంచు ట్రేల్లో చితికినవి, ఫ్యాను దగ్గర పడ్డవి. వాటిని చూసి పర్లేదక్క వెక్కి వెక్కి ఏడ్చింది. మిగతావి బతికాయి. చదును బుట్టల్లో అవి గోల చేస్తుంటే ఒకరి మాట ఒకరికి వినబడలేదు. వాటి వంక చూస్తూ ఏడుపు సగంలో మానేసి ఆవిడ మళ్ళీ నవ్వింది.

పెద్దమ్మ చెల్లెల్ని కూడా వెంటబెట్టుకుని దిగింది. పోయినవి ఎన్నో అడిగింది, చెప్పారు. బతికినవి చూసింది. పర్లేదక్క తల దించుకుంటే గడ్డం పట్టి ఎత్తింది.

"రెండోసారి ఫోన్ చేశావు చూడు, అందుకు నిన్నేమీ అనను. మొదటిసారికి మాత్రం రేపు తీరిగ్గా తిడతాను" అంది.

"తిట్టండి" అంది పర్లేదక్క. పర్లేదు అనలేదు.

స్కూలు వదిలే టైముకి వ్యాను పరుగెత్తింది. ఆవిడని ఇంటి ముందు దింపి ఆయన వెళ్ళిపోయాడు. చీరకంతా ఈకల నూగు, కళ్ళు వాచి, జుట్టు రేగి ఉంది. వరండాలో అత్తగారు, ఎప్పుడూ అడిగేదే అడిగింది.

"ఏమే, మొహం అలా ఉందేం?"

పర్లేదక్క నోరు తెరిచింది. పాత మాట నాలుక చివరిదాకా వచ్చి నిలబడింది. "పన్ను నొప్పత్తయ్యా" అంది. "నెల పైనుంచి. చచ్చిపోతున్నాను."

అత్తగారి మొహం ఎలా వెలిగిందంటే, నొప్పి వార్త కాదు, లాటరీ తగిలిన వార్త విన్నట్టుంది. "నెల పైనుంచా? మరి రోజూ అడుగుతున్నానే, నోట్లో ఏం పెట్టుకున్నావ్?" అని తిడుతూనే చెప్పులు వేసుకుంది. తలుపుకి తాళం పెడుతూ, కోడలు వెనక నుంచి ఏదో అంటే, ఇటు తిరిగింది.

"ఈ పక్కకొచ్చి చెప్పు. నాకు ఎడం చెవి వినబడ్డం లేదు. ఏడాదైంది" అంది, ఎవరి గురించో చెప్తున్నట్టు.

"చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వు చెప్పావా?"

పిల్లల్ని దింపేసి వచ్చిన వాళ్ళాయన పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ ఇదంతా విన్నాడు. మూడో మలుపు దగ్గర గొంతు సవరించుకున్నాడు. "మీరిద్దరూ చెప్పేశారు కాబట్టి నేనూ చెప్తా. నువ్వల్లిన స్వెట్టరు ఉందే, పెళ్ళైన కొత్తల్లో. అది గుచ్చుకుంటుంది. ప్రతి చలికాలం గుచ్చుకుంటుంది." అందరి కంటే ఎక్కువ మాట్లాడే మనిషి, ఇన్నేళ్ళూ అదొక్కటి కడుపులో దాచుకున్నాడు.

ముగ్గురూ డాక్టరు వాకిట్లో నవ్వుతూనే దిగారు. పర్లేదక్కని లోపలికి పిలిచారు. డాక్టరు కుర్చీ వెనక్కి వాల్చి, "నొప్పిగా ఉంటే చెప్పండి, మొహమాటపడకండి" అన్నాడు. బయట బెంచీ మీద వాళ్ళాయన, పక్కన అత్తగారు కూర్చున్నారు. కాసేపటికి లోపల్నుంచి పర్లేదక్క వీధి చివరి దాకా వినబడేలా అరిచింది. డాక్టరు కంగారుపడి ఆగాడు, బెంచీ మీదున్న మిగతావాళ్ళు లేచి నిలబడ్డారు. అత్తగారు మాత్రం కుడి చెవి అటు తిప్పి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తృప్తిగా వింది.